ఉమ్మడి పట్టాలు – ఉమ్మడి సమాచారం: ఖరగ్‌పూర్ నేర్పే పాఠం

కంప్యూటరు శాస్త్రం రైల్వేల నుండి అరువు తెచ్చుకున్న మాట ఒకటున్నది. అది ‘సెమాఫోర్’. స్టేషను పొలిమేరలో ఎత్తయిన స్తంభానికి అమర్చిన ఇనుప రెక్క అడ్డంగా ఉంటే బండి ఆగాలనీ, వాలితే సాగవచ్చుననీ తెలిపే పాతకాలపు సిగ్నల్‌ను మనలో చాలామంది చిన్ననాట చూచినవారమే. 1960 దశకంలో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే శాస్త్రవేత్త, ఒకే కంప్యూటరులో ఏకకాలంలో నడిచే అనేక పనులు ఒకదానినొకటి ఢీకొనకుండా చూడడానికి ఒక సాధనాన్ని రూపొందించి, దానికి ఈ రెక్క సిగ్నల్ పేరే పెట్టాడు. ఆ పోలిక కేవలం పేరుతో ఆగిపోయేది కాదు. ఒకే పట్టాను పలు బండ్లు పంచుకోవడమూ, ఒకే సమాచారాన్ని ప్రోగ్రాములోని పలు శాఖలు పంచుకోవడమూ మూలంలో ఒకే సమస్య.

నేడు మన సంస్థలో స్టోర్సు లెక్కల నుండి కంట్రోల్ రూము తెరల వరకు అన్నిచోట్లా నడుస్తున్నవి ఇటువంటి బహుశాఖల ప్రోగ్రాములే. వాటిని వ్రాసేవారు కొందరే అయినా, వాటిని నమ్మి నిర్ణయాలు తీసుకునేవారు అందరూ. అందువల్ల ఈ సమన్వయం ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో స్థూలంగానైనా తెలిసి ఉండడం అవసరమని మేము భావిస్తున్నాము. ఈ విషయాన్ని వివరించడానికి మేము ఎంచుకున్న ఉదాహరణ పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం.

ఖరగ్‌పూర్ ఎందుకు?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఈ కూడలిని నెలకొల్పింది. ఇక్కడి నుండి ఒక దారి హౌరాకు, ఒకటి టాటానగర్ మీదుగా ముంబయి వైపునకు, ఒకటి బాలేశ్వర్, కటక్ మీదుగా మన విశాఖపట్నానికీ చెన్నైకీ, మరొకటి మేదినీపూర్ మీదుగా ఆద్రా, ఆసన్‌సోల్ వైపునకు పోతాయి. వాల్తేరు కూడా ఒకప్పుడు అదే రైల్వేలో భాగం కావడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు వర్క్‌షాపులోను, లోకో షెడ్డులోను, స్టేషనులోను ఉద్యోగాలకు తరలివెళ్లి అక్కడే స్థిరపడినాయి. నేటికీ ఖరగ్‌పూర్ బజారులో తెలుగు వినబడడం వింత కాదు. 1951లో దేశంలోని తొలి ఐ.ఐ.టి. ఏర్పడినదీ ఈ పట్టణం చెంతనున్న హిజ్లీలోనే.

1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం వల్ల ఖరగ్‌పూర్ పేరు చిరకాలం పాఠ్యపుస్తకాలలో నిలిచింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయినాయి. అయితే ఇంజనీరుకు ఆసక్తి కలిగించే విషయం ప్లాట్‌ఫారం పొడవు కాదు. నాలుగు దిక్కుల నుండి వచ్చే మెయిళ్లు, గూడ్సు బండ్లు, లోకల్ రైళ్లు అవే పట్టాలను, అవే పాయింట్లను పంచుకుంటూ ఒకదాని దారికి మరొకటి అడ్డం రాకుండా సాగిపోవడమే అక్కడి అసలు విశేషం.

థ్రెడ్ అంటే ఏమిటి?

థ్రెడ్ అంటే పోగు. నడుస్తున్న ప్రోగ్రామును ఒక వస్త్రం అనుకుంటే, అందులో తనంత తానుగా సాగిపోయే ఒక్కొక్క ఆదేశాల వరుస ఒక్కొక్క పోగు. ఉదాహరణకు కంట్రోల్ రూములోని ప్రోగ్రామును తీసుకుందాం. అందులో ఒక థ్రెడ్ సెన్సర్ల నుండి ఉష్ణోగ్రత, పీడనం విలువలను సేకరిస్తుంది. రెండవది వాటిని తెరపై చూపుతుంది. మూడవది పరిమితి దాటినప్పుడు అలారం మోగిస్తుంది. నాలుగవది అన్నింటినీ రికార్డులో వ్రాస్తుంది. ఈ నాలుగింటికీ కలిపి కంప్యూటరు మెమరీలో ఉండే సమాచారం ఒక్కటే. అదే వాటి ఉమ్మడి ఆస్తి.

మేము ఇంజనీరింగు చదివిన రోజులలో కంప్యూటరుకు సాధారణంగా ఒకే ప్రాసెసరు ఉండేది. అది ఒక పనిని కొంతసేపు చేసి, ప్రక్కన పెట్టి, మరొక పనిని అందుకునేది. చూచేవారికి అన్నీ ఒకేసారి జరుగుతున్నట్లు కనిపించేది. నేడు చేతిలోని ఫోనులో సైతం నాలుగు, ఎనిమిది ప్రాసెసర్ కోర్లు ఉంటున్నాయి. థ్రెడ్లు నిజంగానే ఏకకాలంలో పరుగెత్తుతున్నాయి. వేగం పెరిగినకొద్దీ ఢీకొనే అవకాశమూ పెరిగింది.

లెక్క ఎలా తప్పుతుంది?

మన స్టోర్సు నుండే ఒక ఉదాహరణ. గిడ్డంగిలో 100 బేరింగులు ఉన్నాయనుకుందాం. ఒక కౌంటరులో 30 బేరింగులు వర్క్‌షాపుకు ఇచ్చారు. సరిగ్గా అదే సమయంలో మరొక కౌంటరులో 50 కొత్త బేరింగులు జమ అయినాయి. చివరకు నిల్వ 120 ఉండాలి.

కంప్యూటరులో ఒక్కొక్క లావాదేవీకి మూడు మెట్లుంటాయి. పాత విలువను చదవడం, కూడడమో తీసివేయడమో చేయడం, కొత్త విలువను వ్రాయడం. మొదటి థ్రెడ్ 100 అని చదివింది. అది తన ఫలితాన్ని ఇంకా వ్రాయకముందే రెండవ థ్రెడ్ కూడా 100 అనే చదివింది. మొదటిది 70 అని వ్రాసింది. ఆ వెంటనే రెండవది 150 అని వ్రాసింది. ఇప్పుడు పుస్తకంలో 150, అరలో 120. ఏ గుమాస్తా పొరపాటు చేయలేదు. ఏ కూడికా తప్పలేదు. రెండు థ్రెడ్లూ విడివిడిగా నూటికి నూరుపాళ్లు సరిగానే పనిచేసినాయి. తప్పు జరిగింది వాటి నడుమ.

దీనినే ‘రేస్ కండిషన్’ అంటారు. ఎవరు ముందు చేరితే ఫలితం అలా మారిపోయే పందెం అన్నమాట. ఇందులోని అసలు చిక్కు ఏమిటంటే, ఇది ప్రతిసారీ జరగదు. రెండు పనులు సెకనులో లక్షవ వంతు వ్యవధిలో ఎదురుపడితేనే బయటపడుతుంది. పరీక్షించినప్పుడు వేయిసార్లు సరిగా నడిచిన ప్రోగ్రాము, నెలాఖరు రద్దీలో ఒక్కసారి తప్పు చూపి, మళ్లీ వెతికేసరికి ఏమీ ఎరుగనట్లు సరిగానే నడుస్తుంది.

రైలు టిక్కెట్ల రిజర్వేషనులో ఉన్నదీ ఇదే సమస్య. మిగిలిన ఒక్క బెర్తును ఇద్దరికి అమ్మరాదు. ఊరూరా ఉన్న కౌంటర్లను ఒకే లెక్కకు కట్టుబడేలా చేయడానికి రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన వ్యవస్థ 1994లో మొదట మన సికింద్రాబాదులోనే అమలయింది. దానికి ‘కాన్సర్ట్’ అని పేరు. అనేక వాద్యాలు ఒకే తాళానికి పలికే కచేరీని సూచించే ఆ పేరు దానికి ఎంతో తగినది.

బంతి చేత ఉన్నవానిదే దారి

కంప్యూటర్లు పుట్టకముందే రైల్వేలు ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. 1874 సెప్టెంబరు 10న ఇంగ్లండులోని నారిచ్ పట్టణ సమీపాన థోర్ప్ వద్ద ఒంటిలైనుపై రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొని 25 మంది మరణించారు. టెలిగ్రాఫు ద్వారా ఇచ్చిపుచ్చుకున్న అనుమతులు తారుమారై, రెండు వైపుల నుండీ బండ్లు బయలుదేరినాయి. ఇక్కడ కూడా ‘దారి ఖాళీగా ఉన్నది’ అన్న పాత సమాచారాన్ని నమ్మి రెండు పక్షాలూ ముందుకు సాగినాయని గమనించవలెను. మన బేరింగుల లెక్కలో ఇద్దరూ 100 అని చదవడం ఇటువంటిదే.

ఈ ప్రమాదం దరిమిలా ఎడ్వర్డ్ టయర్ అనే ఇంజనీరు 1878లో ఒక యంత్రాన్ని రూపొందించాడు. ఆ వంశానికి చెందినదే మన దేశంలోని ఒంటిలైన్లపై చిరకాలం సేవలందించిన నీల్స్ బాల్ టోకెన్ యంత్రం. పక్కపక్కనున్న రెండు స్టేషన్లలో రెండు యంత్రాలుంటాయి. వాటిని విద్యుత్ తీగలు కలుపుతాయి. వాటిలో లోహపు బంతులుంటాయి. అవతలి స్టేషను మాస్టరు సహకరిస్తే తప్ప ఇవతలివారికి బంతి చేతికి రాదు. ఒక బంతి బయటకు వచ్చిన తరువాత అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేవరకు రెండు వైపులా మరొక బంతి రాదు. బంతి తన చేత లేనిదే డ్రైవరు ఆ సెక్షనులోకి బండిని నడపరాదు. బంతిని తోలుసంచిలో పెట్టి, పెద్ద వలయానికి తగిలించి, సాగిపోతున్న ఇంజనుకు అందించే దృశ్యం పాతతరం ప్రయాణికులకు పరిచితమే.

ప్రోగ్రాములలో ‘మ్యూటెక్స్’ అనబడే తాళం సరిగ్గా ఈ బంతివంటిదే. ఉమ్మడి సమాచారాన్ని తాకే ఆదేశాల భాగాన్ని ‘క్రిటికల్ సెక్షన్’ అంటారు. అక్కడకూ రైల్వే మాటే వచ్చి చేరినట్లుంటుంది. ఆ భాగంలోకి ప్రవేశించే ముందు థ్రెడ్ తాళాన్ని తీసుకోవాలి. పని ముగియగానే తిరిగి ఇవ్వాలి. ఈలోగా వచ్చిన తక్కిన థ్రెడ్లు సిగ్నల్ దగ్గర ఆగిన బండ్లవలె వేచి ఉంటాయి. బేరింగుల లెక్కలో చదవడం, తీసివేయడం, వ్రాయడం అనే మూడు మెట్లనూ ఒకే తాళం క్రింద ఉంచితే, రెండవ థ్రెడ్ చదివేది 100 కాదు, 70. దానికి 50 కూడితే 120. లెక్క సరిపోయింది.

డైక్‌స్ట్రా ప్రతిపాదించిన సెమాఫోర్ దీనికంటె కొంచెం విస్తృతమైనది. అది ఒక సంఖ్య. దానిపై రెండే రెండు చర్యలు సాధ్యం. ఆయన వాటిని ‘పి’, ‘వి’ అన్నాడు. డచ్చి భాషలో ‘దాటుట’, ‘విడుదల’ అని అర్థమిచ్చే మాటల తొలి అక్షరాలవి. ఒక స్టేషనులో మూడు లూపు లైన్లు ఖాళీగా ఉన్నాయనుకుందాం. అప్పుడు సెమాఫోర్ విలువ 3. ఒక్కొక్క బండి లోపలికి వచ్చినప్పుడు విలువ ఒకటి తగ్గుతుంది. సున్న అయితే తరువాతి బండి వెలుపలి సిగ్నల్ వద్ద ఆగాలి. ఒక బండి వెళ్లిపోగానే విలువ ఒకటి పెరిగి, వేచియున్న బండికి దారి దొరుకుతుంది. ఈ చిన్న సాధనమే నేటికీ దాదాపు ప్రతి ఆపరేటింగ్ సిస్టంలోను ఏదో ఒక రూపంలో ఉన్నది.

అన్నీ దొరికితేనే పచ్చదీపం

ఒంటిలైనుకు ఒక బంతి చాలును. ఖరగ్‌పూర్ వంటి కూడలిలో చాలదు. అక్కడ ఒక బండి హౌరా వైపు నుండి వచ్చి ఒక ప్లాట్‌ఫారం చేరాలంటే దారిలో అనేక పాయింట్లు సరైన వైపునకు తిరిగి, బిగుసుకొని ఉండాలి. దారిలోని ప్రతి తునక ఖాళీగా ఉండాలి. ఆ దారిని కోసుకొని పోయే మరొక దారి ఏదీ ఇచ్చి ఉండరాదు. ఈ షరతులన్నీ నెరవేరితేనే సిగ్నల్ పచ్చబడుతుంది. ఒక్కటి లోపించినా ఎర్రగానే ఉంటుంది. ఈ ఏర్పాటునే ‘ఇంటర్‌లాకింగ్’ అంటారు.

తొలినాళ్లలో కేబిన్లలోని ఇనుప లివర్లు ఒకదానినొకటి అడ్డగించేలా అమర్చేవారు. తరువాత రిలేలు వచ్చినాయి. ఖరగ్‌పూర్‌లో 2017 నవంబరులో రిలేల వ్యవస్థ స్థానే కంప్యూటరు ఆధారిత ఇంటర్‌లాకింగ్ అమలులోకి వచ్చింది. అది దాదాపు 800 రూట్లను సంబాళించేది. అంటే అంతవరకు లివర్లూ, రిలేలూ చేసిన కావలిపనిని ఇప్పుడు ప్రోగ్రాము చేస్తున్నదన్నమాట. ఇటువంటి వ్యవస్థలలో ఒకే లెక్కను ఒకటికంటె ఎక్కువ ప్రాసెసర్లు విడివిడిగా చేసి ఫలితాలు సరిచూచుకుంటాయి. పొత్తు కుదరకపోతే సిగ్నల్ ఎర్రబడుతుంది. అనుమానం కలిగితే ఆపడమే రైల్వే ధర్మం.

ప్రోగ్రాములు వ్రాసేవారికి ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, కావలసినవన్నీ కలిపి దొరికితేనే పని మొదలుపెట్టాలి. సగం పాయింట్లు తిప్పి, సగం దారిలో బండిని నిలపడం ఎవరికీ మేలు కాదు. రెండవది, అవసరం తీరిన దానిని వెంటనే వదిలిపెట్టాలి. బండి దాటిపోయిన తునకలను వెనుకవెనుకగా విడుదల చేసే పద్ధతి పెద్ద యార్డులలో ఉన్నది. దానివలన వెనుక వచ్చే బండి త్వరగా సాగుతుంది. తాళాన్ని అవసరమైనదానికంటె ఎక్కువసేపు పట్టుకొని కూర్చున్న థ్రెడ్ ఎనిమిది కోర్ల కంప్యూటరును సైతం ఒంటిలైనుగా మార్చివేయగలదు.

తాళాలు తెచ్చే తంటాలు

తాళం వేయడంతో చిక్కులన్నీ తీరవు. కొన్ని కొత్తవి పుడతాయి. వాటిలో ముఖ్యమైనది ‘డెడ్‌లాక్’, అంటే ప్రతిష్టంభన.

ఒంటిలైనుపై రెండు చిన్న స్టేషన్లు, ఒక్కొక్కదానిలో రెండేసి లైన్లు ఉన్నాయనుకుందాం. మొదటి స్టేషనులోని రెండు లైన్లలోను రెండవ స్టేషనుకు పోవలసిన బండ్లు నిలిచి ఉన్నాయి. రెండవ స్టేషనులోని రెండు లైన్లలోను మొదటి స్టేషనుకు రావలసిన బండ్లున్నాయి. నడుమనున్న లైను పూర్తిగా ఖాళీ. అయినా ఏ బండీ కదలలేదు. ఎందుకంటే ఎదుటి స్టేషనులో దానిని దింపుకోవడానికి చోటు లేదు. ప్రతి సిగ్నలూ సరిగానే పనిచేస్తున్నది, ప్రతి డ్రైవరూ నియమం పాటిస్తున్నాడు, కాని అంతా స్తంభించిపోయింది. అనుభవజ్ఞుడైన సెక్షన్ కంట్రోలరు ఇటువంటి పరిస్థితిని రానివ్వడు. ఎదుటివైపు బండి కోసం ఒక లైనును ఎల్లప్పుడూ అట్టిపెట్టుకుంటాడు.

ప్రోగ్రాములలో ఒక థ్రెడ్ మొదటి గిడ్డంగి తాళం పట్టుకొని రెండవదాని కోసం, మరొక థ్రెడ్ రెండవ గిడ్డంగి తాళం పట్టుకొని మొదటిదాని కోసం ఎదురుచూచినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. డెడ్‌లాక్ ఏర్పడడానికి నాలుగు షరతులు ఏకకాలంలో ఉండాలని 1971లో కాఫ్‌మన్ తదితరులు వివరించారు. వస్తువును ఒక్కరే వాడగలగడం, ఒకటి పట్టుకొని మరొకదానికై వేచి ఉండడం, బలవంతంగా లాగుకొనే వీలు లేకపోవడం, ఎదురుచూపులు చక్రంగా చుట్టుకొనడం. నాలుగింటిలో ఏ ఒక్కదానిని తప్పించినా ముడి పడదు. అన్నింటికంటె సులువైన ఉపాయం, అన్ని థ్రెడ్లూ తాళాలను ఒకే వరుసలో తీసుకోవాలనే నియమం. మొదటి గిడ్డంగి తాళం తీసుకోకుండా రెండవదానిని ఎవరూ ముట్టరాదంటే చక్రమే ఏర్పడదు.

రెండవ తంటా ‘స్టార్వేషన్’, అంటే ఆకలి. మెయిళ్లకు దారి ఇస్తూ లూపు లైనులో గంటల తరబడి నిలిచిపోయిన గూడ్సు బండిని చూడనివారుండరు. అది చెడిపోలేదు, దానిని ఎవరూ నిషేధించలేదు, కాని వంతు మాత్రం రాదు. వేచి ఉన్న కాలాన్ని బట్టి ప్రాధాన్యం పెంచుతూ పోవడం దీనికి మందు.

మూడవది మరింత సూక్ష్మమైనది. గూడ్సు బండి సెక్షనులో ముందు పోతున్నది, వెనుక ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్నది. ఇంతలో ‘గూడ్సుదేమి తొందర’ అని ముందరి స్టేషనులో దానిని వెలుపలే ఆపి, నడితరగతి పాసింజర్లకు దారి ఇచ్చారనుకుందాం. అప్పుడు ఎక్స్‌ప్రెస్ కూడా ఆ పాసింజర్ల వెనుకనే పడినట్లు. కంప్యూటర్లలో దీనిని ‘ప్రయారిటీ ఇన్వర్షన్’ అంటారు. 1997 జూలై 4న అంగారక గ్రహంపై దిగిన అమెరికా పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు ఈ కారణం వల్లనే పదేపదే తనంత తాను రీసెట్ అవుతూ వచ్చింది. తక్కువ ప్రాధాన్యం గల పని ఒక తాళం పట్టుకొని ఉండగా, మధ్యస్థ పనులు దానిని సాగనివ్వలేదు. దానివల్ల అతి ముఖ్యమైన పని ఆగిపోయింది. తాళం పట్టుకున్నవానికి, వేచియున్నవాని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా సంక్రమింపజేసే పద్ధతిని లూయీ షా, రాజ్‌కుమార్, లెహోస్కీ అనే శాస్త్రవేత్తలు 1990లోనే సమగ్రంగా వివరించి ఉన్నారు. ఆ సదుపాయం నౌకలోని ఆపరేటింగ్ సిస్టంలో ఉన్నప్పటికీ ఆ తాళానికి వర్తింపజేయలేదు. భూమి నుండి ఆదేశం పంపి దానిని అమలుపరచగా సమస్య తీరింది. ఎక్స్‌ప్రెస్ వెనుకనుంటే గూడ్సును కూడా ఎక్స్‌ప్రెస్ లాగానే సాగనంపాలన్న కంట్రోలరు యుక్తి ఇదే.

తెర చెప్పినదొకటి, ఉన్నదొకటి

మన వంటి సంస్థలలో పనిచేసేవారు తప్పక తెలుసుకోవలసిన ఉదంతం 2003 ఆగస్టు 14నాటిది. ఆనాడు అమెరికా ఈశాన్య ప్రాంతంలోను, కెనడాలోని ఒంటారియోలోను సుమారు 5 కోట్లమందికి విద్యుత్తు ఆగిపోయింది. దానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారం ప్రోగ్రాము నిలిచిపోవడం. రెండు పనులు ఒకే ఉమ్మడి సమాచారంపై ఒకేసారి వ్రాయబోగా అది చెడి, ప్రోగ్రాము తనలో తాను తిరుగుతూ ఉండిపోయింది. గంటకు పైగా అలారం మోగలేదు. తెరలు ప్రశాంతంగా ఉండడం చూచి వ్యవస్థ కూడా ప్రశాంతంగానే ఉన్నదని ఆపరేటర్లు భావించారు. బయట లైన్లు ఒకటొకటిగా తెగిపోతూనే ఉన్నాయి.

మనకు మరింత దగ్గరైన ఉదంతం ఖరగ్‌పూర్ డివిజనులోనే జరిగింది. 2023 జూన్ 2వ తేదీ సాయంత్రం బాలేశ్వర్‌కు దక్షిణాననున్న బహనగా బజార్ స్టేషనులో, చెన్నై వైపు పోతున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుపై సూటిగా పోవచ్చునని పచ్చ సిగ్నల్ ఇవ్వబడింది. కాని పాయింట్లు లూపు లైనువైపు తిరిగి ఉన్నాయి. గంటకు 128 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి లూపులోకి మళ్లి, అక్కడ నిలిచి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సును ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో పోతున్న బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలకు తగిలినాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడలకు నిత్యం వచ్చే బండి కావడంతో ఆ రాత్రి తెలుగునాట ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరలేదు.

రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది ఏమిటి? ఆ స్టేషను ఉత్తర భాగంలోని సిగ్నల్ గదిలో గతంలో చేసిన సర్క్యూటు మార్పులోను, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు మార్పిడి పనిలోను జరిగిన లోపాల వల్ల తప్పు సిగ్నల్ ఇవ్వబడినదని ప్రభుత్వం అదే సంవత్సరం జూలైలో పార్లమెంటుకు తెలిపింది. ఇది థ్రెడ్ల దోషం కాదు, తీగల దోషమే. ఇంటర్‌లాకింగ్ తర్కంలో తప్పు లేదు. ఆ తర్కానికి చేరిన సమాచారం పట్టాల మీది నిజంతో సరిపోలలేదు.

బహుశాఖల ప్రోగ్రాములకు ఇంతకంటె గంభీరమైన హెచ్చరిక లేదు. నేటి ప్రాసెసర్లలో ప్రతి కోరుకూ తనదైన చిన్న మెమరీ ఉంటుంది. ఒక కోరు మార్చిన విలువ, తగిన ఏర్పాటు లేనిదే, మరొక కోరుపై నడిచే థ్రెడ్‌కు వెంటనే కనబడుతుందన్న హామీ లేదు. తాళం వ్రాసేవానికి మాత్రమే వేసి, చదివేవానికి అక్కరలేదనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. చదివేవాడు పాత విలువను చూచి, దారి సూటిగా ఉన్నదని నమ్మి ముందుకు సాగిపోతాడు.

మన పనికి పనికివచ్చే నియమాలు

పై చర్చ నుండి ప్రోగ్రాములు వ్రాసేవారికీ, వ్రాయించేవారికీ మేము సూచించదలచినవి ఇవి.

ఒకటి, ఉమ్మడి సమాచారాన్ని వీలైనంత తగ్గించండి. పంచుకోని పట్టాపై ఢీకొనే ప్రశ్న లేదు. వీలైనచోట ఒక్క థ్రెడ్‌కే సమాచారాన్ని అప్పగించి, తక్కినవి దానికి సందేశాలు పంపేలా ఏర్పాటు చేయడం ఉత్తమం. స్టోర్సు పుస్తకం ఒక్క గుమాస్తా చేతిలోనే ఉండి, మిగిలినవారు చీటీలు పంపడం వంటిది ఇది.

రెండు, ఏ సమాచారానికి ఏ తాళమో కాగితంపై వ్రాసిపెట్టండి. ఆ సమాచారాన్ని తాకే ప్రతి ఒక్కరూ, చదివేవారైనా వ్రాసేవారైనా, ఆ తాళం ద్వారానే రావాలి. తాళం అనేది ఒక ఒప్పందం మాత్రమే. తొంభైతొమ్మిది చోట్ల పాటించి నూరవచోట తప్పిస్తే ఆ తొంభైతొమ్మిదీ వ్యర్థం.

మూడు, పలు తాళాలు కావలసివస్తే ఒకే వరుసలో తీసుకోండి, పని ముగియగానే వదలండి. తాళం చేతిలో ఉంచుకొని ప్రింటరు కోసమో, నెట్‌వర్కు కోసమో ఎదురుచూడకండి.

నాలుగు, అనుమానం కలిగినప్పుడు ప్రోగ్రాము ఏ స్థితికి పోవాలో ముందే నిర్ణయించండి. పాత విలువను పచ్చరంగులో చూపడంకంటె ‘సమాచారం అందుట లేదు’ అని ఎర్రరంగులో చూపడం వేయిరెట్లు మేలు. తెరపైని ప్రతి అంకె ప్రక్కన అది ఎప్పటిదో తెలిపే సమయం ఉండడం మంచి అలవాటు.

ఐదు, మరమ్మతుల వేళ మరింత జాగరూకులై ఉండండి. నడుస్తున్న వ్యవస్థలో ‘చిన్న మార్పే కదా’ అని చేసిన పని తరువాత, ఆ మార్పును మాత్రమే కాక దానిని ఆనుకొని ఉన్న అన్ని షరతులనూ తిరిగి పరీక్షించాలి. తాత్కాలికంగా తాళం తొలగించిన చోటును గుర్తుపెట్టుకొని, తిరిగి అమర్చినట్లు మరొకరిచేత సంతకం చేయించాలి. మన కర్మాగారాలలో యంత్రాలకు పర్మిట్ విధానం ఉన్నట్లే ప్రోగ్రాములకూ ఉండాలని మా అభిప్రాయం.

ఇవేవీ కొత్త సంగతులు కావు. నూటయాభై సంవత్సరాలుగా రైల్వేలు ఎన్నో ప్రాణాలు ధారపోసి నేర్చుకున్నవే. ఖరగ్‌పూర్ స్టేషను వంతెనపై ఒక అరగంట నిలబడి చూచినవారికి, అన్ని దిక్కుల నుండి వచ్చే అన్ని బండ్లూ ఒకదాని దారికి ఒకటి తొలగుతూ సాగిపోవడం అతి సహజంగా తోస్తుంది. ఆ సహజత్వం వెనుక ప్రతి పాయింటు దగ్గరా, ప్రతి సిగ్నల్ దగ్గరా పాటించిన నియమం ఉన్నది. పచ్చదీపాన్ని చూచి లోకో పైలట్ వేగం తగ్గించడు. తగ్గించనక్కరలేదన్న నమ్మకంతోనే వెనుక పెట్టెలలోని ప్రయాణికులు నిద్రపోతారు. మన ప్రోగ్రాములు చూపే అంకెలను నమ్మి వాల్వు తిప్పే కార్మికుడు, బ్రేకరు వేసే ఆపరేటరు కూడా అటువంటి ప్రయాణికులే. వారి నమ్మకానికి తగినట్లుగా ఆ అంకెలు నిజం చెప్పేలా చూడడం ఇంజనీర్లుగా మన బాధ్యత.